నిప్పులో కాల్చిన ఎనామెల్ డయల్‌ను గుర్తించడం ఎలా? సన్నని బీట ఉన్న గడియారాన్ని కొనవచ్చా?

ప్రశ్న: గార్డుగారి మనవడు (హైదరాబాదు)

అందరికీ నమస్కారం. మా తాతగారు రైల్వేలో గార్డుగా పనిచేసిన రోజుల్లో వాడిన జేబు గడియారం మా ఇంట్లో ఉంది. దాని వెండి డొప్ప నల్లబడింది, కీ ఇచ్చినా రెండు నిమిషాలకు మించి నడవదు, కాని దాని తెల్లటి ముఖం మాత్రం ఈనాటికీ కడిగి బోర్లించిన పింగాణీ పళ్ళెంలా మెరుస్తూ ఉంటుంది. నాన్నగారు 1970లలో కొనుక్కున్న హెచ్.ఎం.టి. చేతి గడియారం దానికన్నా ఎన్నో ఏళ్ళు కొత్తదైనా, దాని డయల్ పసుపెక్కి, అంకెల చుట్టూ మచ్చలు పడ్డాయి. ఈ తేడా ఎందుకు వచ్చిందని ఆరా తీయడం మొదలుపెట్టిన తరువాతే, తాతగారి గడియారం ముఖం మీద ఉన్నది రంగు కాదని, రాగి రేకు మీద కరిగించి అతికించిన గాజు అని తెలిసింది. అప్పటి నుండి ఎనామెల్ డయల్ ఉన్న ఒక్క మంచి చేతి గడియారాన్నైనా కొనుక్కోవాలన్న కోరిక నన్ను విడవలేదు. నాలుగేళ్ళుగా అందుకోసం డబ్బు కూడబెడుతున్నాను.

ఇప్పుడు నా ఎదుట ఒక అవకాశం ఉంది. 1950ల నాటి స్విస్ చేతి గడియారం ఒకటి ఒక పాత గడియారాల వ్యాపారి దగ్గర చూశాను. డయల్ మీద బంగారు తీగల గీతలతో తెరచాప ఓడ బొమ్మ, దాని వెనుక నీలి ఆకాశం ఉన్నాయి. ఆయన దీనిని క్లోజోనే పని అంటున్నారు. అయితే నాలుగు గంటల గుర్తు దగ్గర అంచు నుండి ఆకాశంలోకి వెంట్రుకంత సన్నని బీట కనిపిస్తోంది. "పాత ఎనామెల్‌కు ఇది సహజం, దీనివల్ల విలువ తగ్గదు" అని ఆయన చెబుతున్నారు. సంస్థ పేరు, ధర ఇక్కడ రాయడం సబబు కాదనిపించి రాయడం లేదు కాని, ఆ ధర నా నాలుగేళ్ళ పొదుపు మొత్తం అని మాత్రం చెప్పగలను.

నా సందేహాలు మూడు. నిప్పులో కాల్చిన ఎనామెల్‌ను, ఎనామెల్‌లా కనిపించే రెసిన్ పూతను మామూలు మనిషి కంటితో వేరు చేయగలడా? ఒకే పేరుతో పిలిచే ఈ డయళ్ళ ధరల్లో వేలకూ కోట్లకూ మధ్య ఉన్నంత అంతరం ఎందుకు? ఆ సన్నని బీట ఉన్న గడియారాన్ని నేను కొనవచ్చా, వదులుకోవాలా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు: మీనాపని (మచిలీపట్నం)

గార్డుగారి మనవడు గారికి నమస్కారం. నేను గడియారాల మనిషిని కాను, ఆభరణాల మీద మీనా పని చేయించే వృత్తిలో ఇరవై ఏళ్ళుగా ఉన్నాను. డయల్ మీద జరిగే పని, మన జడావు నగల వెనుక వైపు కనిపించే ఎరుపు, ఆకుపచ్చ మీనా పని ఒకే కుదురు నుండి వచ్చినవి కాబట్టి మీ మొదటి సందేహానికి జవాబు చెప్పే ప్రయత్నం చేస్తాను.

ముందుగా పదం గురించి ఒక మాట చెప్పాలి. మన ఊళ్ళలో ఎనామెల్ అంటే ఇనుప గేటుకు వేసే రంగు డబ్బా గుర్తుకు వస్తుంది. అది రంగు మాత్రమే. అసలైన ఎనామెల్ ఏమిటో తెలియాలంటే పాత ఆసుపత్రులలో వాడిన తెల్లటి ట్రేలనో, నీలం అంచు ఉన్న సీమ గ్లాసులనో గుర్తు చేసుకోవాలి. అవి కిందపడినప్పుడు అంచున పెచ్చు లేచి, లోపలి నల్లటి ఇనుము బయటపడేది. రంగు అలా పెచ్చుగా విరగదు. గాజు మాత్రమే అలా విరుగుతుంది. మీ తాతగారి గడియారం ముఖం మీద ఉన్నది కూడా ఆ జాతి గాజే.

దీనిని చేసే పద్ధతి వినడానికి సులువుగా ఉంటుంది. ఇసుకరాయి నుండి వచ్చే సిలికాతో చేసిన గాజుకు లోహపు ఆక్సైడులు కలిపి రంగు తెస్తారు. కోబాల్టు నీలాన్ని ఇస్తుంది, రాగి పచ్చదనాన్ని ఇస్తుంది, తగరపు ఆక్సైడు గాజును పాలలా తెల్లగా మారుస్తుంది, మంచి ఎరుపుకూ గులాబీకీ ఏకంగా బంగారాన్నే వాడతారు. ఆ గాజును అగేటు రాతి కల్వంలో నీటితో నూరి, మురికి పోయేదాకా మళ్ళీ మళ్ళీ కడిగి, తడి పొడిని కుంచెతోనో పక్షి ఈకతోనో రాగి లేదా బంగారు బిళ్ళ మీద పరుస్తారు, లేదా పొడిగా జల్లెడ పడతారు. తడి ఆరిన తరువాత సుమారు 800 డిగ్రీల సెల్సియస్ వేడి ఉన్న కొలిమిలో ఉంచుతారు. అక్కడ అది ఉండేది ఒకటి రెండు నిమిషాలే. బయటికి తీసేటప్పుడు బిళ్ళ నిప్పుకణికలా ఎర్రగా ఉంటుంది, అసలు రంగు చల్లారాకే తెలుస్తుంది. ఒక పొరతో పని పూర్తి కాదు. పొర వేయడం, కాల్చడం, రాయి పెట్టి అరగదీయడం, మళ్ళీ పొర వేయడం ఇలా సాగుతుంది. బొమ్మ ఉన్న డయల్ పదిసార్లకు పైగా కొలిమిలోకి వెళ్ళి వస్తుంది. ప్రతిసారీ బుడగ లేవవచ్చు, దుమ్ము రేణువు నల్లటి చుక్కగా మిగిలిపోవచ్చు, బీట పడవచ్చు. చివరి కాల్పులో పాడైతే అంతవరకు పడిన వారాల శ్రమ పోతుంది. ఫ్రెంచి వారు దీనిని గ్రాన్ ఫ్యూ, అంటే పెద్ద నిప్పు, అని పిలవడంలో అతిశయం ఏమీ లేదు.

చాలామందికి తెలియని సంగతి బిళ్ళ వెనుక ఉంటుంది. లోహం, గాజు వేడికి ఒకే విధంగా సాగవు, చల్లారేటప్పుడు ఒకే విధంగా కుదించుకోవు. ఒక వైపే గాజు పూస్తే చల్లారేసరికి పలుచటి బిళ్ళ ఒంకర తిరుగుతుంది, పూత పగులుతుంది. అందుకే వెనుక వైపు కూడా ఎనామెల్ పూసి రెండు వైపుల లాగుడును సమానం చేస్తారు. దీనివల్ల ఎనామెల్ డయల్ మామూలు ఇత్తడి డయల్ కన్నా మందంగా ఉంటుంది. వెనుక వైపు చూసే అవకాశం దొరికితే, ఇక్కడ చెప్పబోయే పరీక్షలన్నిటికన్నా అదే నమ్మదగిన పరీక్ష.

రెసిన్ పూతను చల్లటి ఎనామెల్ అంటారు. దానికి కొలిమి అవసరం లేదు, గట్టిపడే రసాయనం చాలు. పది రెట్లు పెద్దదిగా చూపే ఐ గ్లాసుతో ముళ్ళు దిగే మధ్య రంధ్రం అంచును చూడండి. కాల్చిన గాజు కరిగి ప్రవహించింది కాబట్టి రంధ్రం దగ్గర, బయటి అంచు దగ్గర మెత్తగా గుండ్రంగా వంగుతుంది. రంగు లేదా లక్క పూత ఉన్న డయల్ అంచు కత్తిరించినట్టు ఉంటుంది. తరువాత దీపాన్ని ఏటవాలుగా పట్టి ఉపరితలాన్ని చూస్తే, కాల్చిన ఎనామెల్ మీద నిలకడైన చెరువు నీటి మీది సన్నని కదలిక లాంటి ఎత్తుపల్లాలు కనిపిస్తాయి. రెసిన్ మెత్తనిది కాబట్టి దాని మీద తుడిచిన సన్నని గీతలు ఉంటాయి. అయితే బాగా సాన పట్టిన ఎనామెల్ అద్దంలా చదునుగా కూడా ఉండగలదు కాబట్టి ఏదో ఒక్క గుర్తును పట్టుకుని తీర్పు చెప్పకండి. సూదితో గీసి చూడమని ఎవరైనా సలహా ఇస్తే మాత్రం దయచేసి వినకండి.

జవాబు: లెమాన్ ఒడ్డు (జెనీవా)

మీనాపని గారు చెప్పిన తరువాత పని విధానం గురించి నేను కలపవలసింది లేదు. ఉద్యోగరీత్యా పదేళ్ళుగా జెనీవాలో ఉంటూ, ఇక్కడి వేలాలకూ ప్రదర్శనలకూ వెళుతూ ఉండటం వల్ల ధరల గురించి కొంత చెప్పగలను.

ఎనామెల్ మీద చిత్రాలు వేసే విద్య 1630ల ప్రాంతంలో ఫ్రాన్సులో రూపుదిద్దుకుంది. అక్కడి ప్రొటెస్టెంటులకు రక్షణ ఇచ్చిన శాసనాన్ని 1685లో రద్దు చేయడంతో పని తెలిసిన ఎన్నో కుటుంబాలు జెనీవా చేరుకున్నాయి. అలా ఈ ఊరు గడియారాలకూ ఎనామెల్ చిత్రాలకూ ఒకేసారి ఇల్లయింది. మీరు చూసిన 1950ల నాటి ఓడ బొమ్మ ఈ ఊరి వైభవం చివరి దశలలో ఒకదానికి చెందినది. ఆ రోజుల్లో పటెక్ ఫిలిప్, రొలెక్స్ వంటి సంస్థల క్లోజోనే డయళ్ళు స్టెర్న్ ఫ్రేర్ అనే డయళ్ళ కర్మాగారం నుండి వచ్చేవి. 1932లో పటెక్ ఫిలిప్‌ను కొన్నది కూడా ఆ స్టెర్న్ కుటుంబమే. సంస్థ నేటికీ వారి చేతిలోనే ఉంది. డయళ్ళు చేసే ఇల్లు గడియారాల సంస్థకు యజమాని కావడం వల్లనే, ఎనామెల్‌కు గిరాకీ తగ్గిన కాలంలోనూ అక్కడ ఆ పని పూర్తిగా ఆగిపోలేదని నా అభిప్రాయం.

క్లోజోనే అంటే గదులుగా విభజించడం. మిల్లీమీటరులో పదోవంతుకు మించని సన్నటి బంగారు పట్టీని చేతితో వంచి, బొమ్మ గీతలుగా నిలబెట్టి, ఆ గదులలో రంగు గాజు నింపి కాలుస్తారు. షాంలెవేలో లోహాన్నే తొలిచి గుంటలు చేసి నింపుతారు, మన మీనా పని ఈ కోవకు చెందినది. ఫ్లాంకేలో లోహం మీద యంత్రంతో అలల గీతలు చెక్కి, పైన పారదర్శకమైన గాజు పూస్తారు. వీటన్నిటికన్నా కష్టమైనది సూక్ష్మ చిత్రలేఖనం. అక్కడ ముప్పై మిల్లీమీటర్ల బిళ్ళ మీద ఒకటి రెండు వెంట్రుకల కుంచెతో మొత్తం చిత్రాన్ని వేసి, రంగు తరువాత రంగుగా కాల్చాలి. ఈ విద్యను సుజాన్ రోర్ దగ్గర నేర్చుకున్న ఆనిటా పోర్షే పేరు నేటి సేకర్తలందరికీ తెలుసు. సంస్థ పేరు పక్కన ఆమె పొడి అక్షరాలు కూడా ఉన్న డయళ్ళు ఉన్నాయి. ఒక పనివారి పేరుకు సంస్థ పేరుతో సమానంగా విలువ దక్కడం నాకు ఎంతో సంతోషాన్ని కలిగించే విషయం.

ఇక ధరలు. లూయి కొతియే రూపొందించిన, ప్రపంచ నగరాల సమయాలను ఒకేసారి చూపే యంత్రంతో పటెక్ ఫిలిప్ 1953లో తెచ్చిన 2523 సంఖ్య గడియారాలలో నీలి ఎనామెల్ డయల్ ఉన్న ఒక గులాబీ బంగారు గడియారం, 2019 నవంబరులో హాంకాంగ్ క్రిస్టీస్ వేలంలో 7 కోట్ల హాంకాంగ్ డాలర్లకు పైగా పలికింది. అది శిఖరం. రెండో చివర జపానులో సీకో సంస్థ ప్రెసాజ్ వరుసలో తెల్లటి ఎనామెల్ డయళ్ళు చేస్తోంది. అక్కడ ఆ పనిని మిత్సురు యోకోసావా అనే నిపుణుడి పర్యవేక్షణలో చేయిస్తున్నట్టు సంస్థ చెబుతుంది. 1913లో సీకో చేసిన లారెల్ అనే గడియారం జపాను తొలి చేతి గడియారం, దాని డయల్ కూడా ఎనామెలే. స్కాట్లాండులోని గ్లాస్గో నగరంలో యాన్‌ఆర్డెయిన్ అనే చిన్న సంస్థ రంగురంగుల ఎనామెల్ డయళ్ళను తన పనిశాలలోనే కాలుస్తోంది. స్విట్జర్లాండులో ల లోక్ల్ ఊరిలోని డోంజే కద్రాన్ ఎన్నో సంస్థలకు ఎనామెల్ డయళ్ళు చేసి ఇచ్చింది. దానిని 2011లో యులీస్ నార్డిన్ కొన్నది. ఒకే రంగు తెల్లటి డయల్‌ను నియమిత పద్ధతిలో వరుసగా చేయవచ్చు, కాని ఓడ బొమ్మ డయల్‌ను ఒక్కో మనిషి ఒక్కొక్కటిగా చేయాలి. ధరల అంతరంలో సంస్థ పేరు పాత్ర ఉన్నమాట నిజమే అయినా, దాని కింద ఉన్నది ఈ మనిషి గంటల లెక్కే.

బీట గురించి నా మాట సూటిగా చెబుతాను. ఎనామెల్ గడియారాన్ని సేకర్త కొనేది డయల్ కోసమే. ఆ డయలే పగిలినప్పుడు విలువ తగ్గదనడం సరికాదు. వేలం సంస్థలు తమ స్థితి నివేదికలలో వెంట్రుకంత బీటను కూడా ప్రత్యేకంగా రాస్తాయి, కొనేవారు ముందుగా చదివేది ఆ వాక్యాన్నే. నాలుగేళ్ళ పొదుపును దాని మీద పెట్టకండి.

జవాబు: రెండో తరం మెకానిక్కు (రాజమహేంద్రవరం)

పై ఇద్దరు పెద్దలు చెప్పినది చదివి చాలా నేర్చుకున్నాను. మా నాన్నగారు 1962లో పెట్టిన గడియారాల మరమ్మతు దుకాణాన్ని నేను నడుపుతున్నాను. క్లోజోనే డయల్ నా బల్ల మీదికి రెండుసార్లే వచ్చింది కాని, తెల్లటి ఎనామెల్ ఉన్న జేబు గడియారాలు వందల సంఖ్యలో చూశాను. అందువల్ల జెనీవా మిత్రులు చెప్పిన చివరి మాటతో నేను పూర్తిగా ఏకీభవించలేకపోతున్నాను.

బీటలు అన్నీ ఒకటి కావు. డయల్ వెనుక రాగి కాళ్ళు రెండో మూడో ఉంటాయి, వాటినే యంత్రంలోని రంధ్రాలలో దించి మరలతో బిగిస్తారు. చాలా బీటలు ఆ కాళ్ళ దగ్గరే పుడతాయి, ఎందుకంటే డయల్‌ను తీసేటప్పుడు వంచినా, మరను ఎక్కువ బిగించినా ఒత్తిడి అక్కడే పడుతుంది. ముళ్ళను లాగేటప్పుడు పనిముట్టును డయల్ మీద ఆనించి నొక్కితే మధ్య రంధ్రం నుండి బీట బయలుదేరుతుంది. గడియారం కిందపడితే అంచు నుండి వస్తుంది. కారణం ఆగిపోయిన బీట అరవై ఏళ్ళు అలాగే ఉండిపోవడం నేను చూశాను. మా దుకాణంలోనే 1930ల నాటి వెస్ట్ ఎండ్ వాచ్ కంపెనీ జేబు గడియారం ఒకటి ఉంది. దాని డయల్ మీది బీటను నాన్నగారు తన చిన్నతనంలో చూశారు, ఈనాటికీ అది గోరంతైనా పెరగలేదు. బీటలో చేరిన మురికి వల్లే అది నల్లగా కనబడుతుంది. డయల్‌ను యంత్రం నుండి వేరు చేసి, మెత్తటి సబ్బు నీటితో జాగ్రత్తగా శుభ్రం చేస్తే చాలా బీటలు వెతికితే తప్ప కనిపించవు. అందమైన పాత వస్తువును, ఒక్క గీత ఉందన్న కారణంతో ఎవరూ ముట్టకూడదంటే నా మనసు ఒప్పుకోదు.

అయితే మూడు సంగతులు చూడకుండా డబ్బు ఇవ్వకండి. గోటితో నొక్కకుండా, గాలి ఊదకుండా, ఐ గ్లాసుతో బీట రెండు అంచులనూ చూడండి. ఒక అంచు లేచి ఉంటే గాజు లోహాన్ని వదిలేస్తోందని అర్థం, అలాంటి డయల్‌ను నేనైతే ముట్టుకోను. రెండవది, బీటను ఎవరైనా రెసిన్‌తో పూడ్చి రంగు కలిపారేమో చూడాలి. ఏటవాలు వెలుతురులో పూడ్చిన చోటు మెరుపు మారుతుంది, నోట్లను పరీక్షించే అతినీలలోహిత టార్చి వేస్తే చాలాసార్లు ఆ చోటు వేరుగా వెలుగుతుంది. పూడ్చడం నేరం కాదు, దాచి అమ్మడం తప్పు. పూడ్చిన డయల్‌ను తిరిగి కొలిమిలో పెట్టి బాగుచేసే దారి లేదని గుర్తుంచుకోండి. మూడవది, డయల్‌ను విప్పించి వెనుక చూడాలి. వెనుక ఎనామెల్ పూత ఎలా ఉందో, కాళ్ళు అసలువో తరువాత అతికించినవో అప్పుడే తెలుస్తుంది. విప్పడానికి ఒప్పుకోని అమ్మకందారుతో బేరం వద్దు.

ఈ మూడింటికీ నిలిచి, ధర కూడా బీటకు తగినట్టు తగ్గితే, జీవితాంతం పెట్టుకోవడానికి కొనవచ్చని నా నమ్మకం. తిరిగి అమ్మి లాభం చూడాలనుకుంటే మాత్రం జెనీవా మిత్రుల మాటే వినండి.

జవాబు: లెమాన్ ఒడ్డు (జెనీవా)

మెకానిక్కు గారి సవరణను అంగీకరిస్తున్నాను. పెట్టుకోవడానికి కొనేవారిని, సేకరణ కోసం కొనేవారిని నేను ఒకే గాటన కట్టాను, అది పొరపాటే. ఏటవాలు వెలుతురు ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక మాట చెబుతాను. 1795 ప్రాంతంలో నకిలీల బెడద భరించలేక గడియారాల తయారీదారు అబ్రహాం లూయి బ్రెగే తన ఎనామెల్ డయళ్ళ మీద, ఏటవాలు వెలుతురులో మాత్రమే కనిపించేంత సన్నని రహస్య సంతకాన్ని గీయించడం మొదలుపెట్టారు. అప్పటి నుండి ఇప్పటిదాకా ఈ డయళ్ళను పరీక్షించేవారు ముందుగా చేసే పని దీపాన్ని పక్కకు వంచడమే.

అడిగినవారి జవాబు: గార్డుగారి మనవడు (హైదరాబాదు)

ముగ్గురికీ చేతులు జోడించి నమస్కరిస్తున్నాను. ఈ రోజు ఐ గ్లాసు, చిన్న టార్చి, అతినీలలోహిత టార్చి తీసుకుని మళ్ళీ వెళ్ళాను.

మీనాపని గారు చెప్పినట్టే మధ్య రంధ్రం అంచు గుండ్రంగా, కరిగి ఆగినట్టు ఉంది. బంగారు గీతలు అచ్చువేసినవి కావు, పట్టీకి మందం ఉంది, ఓడ ముక్కు దగ్గర రెండు పట్టీలు కలిసే చోట వెంట్రుకంత సందు కూడా కనిపించింది. అది చూసినప్పుడు, అరవై డెబ్బై ఏళ్ళ క్రితం ఎవరో ఆ పట్టీని వంచి అక్కడ నిలబెట్టిన క్షణాన్ని చూసినట్టే అనిపించింది. కనుక అది అసలైన పనే. బీట కూడా ఆకాశం గదిలోనే మొదలై తెరచాప పట్టీ దగ్గర ఆగిపోయింది, అంచులు లేవలేదు.

కాని టార్చిని పక్కకు వంచినప్పుడు నాలుగు గంటల గుర్తు పక్కన, బీట మొదలయ్యే చోట, ఆవగింజంత మేర మెరుపు మందగించింది. అతినీలలోహిత కాంతిలో ఆ చోటు పాలనీలం రంగులో వెలిగింది. అక్కడ పెచ్చు లేచిపోతే పూడ్చారన్నమాట. అడిగితే, తన చేతికి వచ్చేటప్పటికే అలా ఉందని వ్యాపారి చెప్పారు. డయల్ విప్పి చూపించమని కోరితే ఒప్పుకోలేదు, ధర తగ్గించడానికీ ఒప్పుకోలేదు. నమస్కారం చెప్పి వచ్చేశాను. దారి పొడవునా ఆ ఓడే కళ్ళ ముందు ఉంది, బాధ లేదని చెప్పను.

కొత్తగా చేసిన తెల్లటి ఎనామెల్ డయల్ గడియారాన్ని వచ్చే ఏడాది చూద్దామని నిర్ణయించుకున్నాను. ఈలోగా మెకానిక్కు గారిని ఒకటి అడగాలి. తాతగారి జేబు గడియారాన్ని మళ్ళీ నడిపించడం సాధ్యమేనా? రాజమహేంద్రవరం తీసుకురమ్మంటే తెస్తాను.

జవాబు: రెండో తరం మెకానిక్కు (రాజమహేంద్రవరం)

తప్పకుండా తీసుకురండి. రెండు నిమిషాలైనా నడుస్తోందంటే స్ప్రింగు బతికే ఉంది, నూనె గడ్డకట్టి ఉంటుంది. వచ్చేలోపు కీ ఇవ్వకండి, డొప్పకు మెరుగు పెట్టించకండి. దారిలో ఎవరైనా శుభ్రం చేస్తామంటే డయల్‌ను కంపనాలతో శుభ్రం చేసే అల్ట్రాసోనిక్ యంత్రంలో మాత్రం వేయనివ్వకండి, మీ కంటికి కనిపించని బీట ఏదైనా ఉంటే అక్కడే పెచ్చు లేస్తుంది. మెత్తటి గుడ్డలో చుట్టి, ముఖం పైకి ఉండేలా చేతి సంచిలో పెట్టుకుని రండి. మీ ఎదుటే డయల్ విప్పి, వెనుక వైపు చూపిస్తాను.